వాళ్లమ్మకు తెలిసిన సూప్

నెల్లూరులో మాంసం లేని వియత్నాం నూడుల్స్ సూప్ ఎక్కడ బాగుంటుందని ఆ మధ్య మా అక్క కూతురు ఫోన్ చేసి అడిగింది. స్నేహితురాలికి విందు ఇవ్వాలట. ఆ సూప్ మాట నేను ఇంట్లో ఒకటి రెండుసార్లు ఎత్తాను గనక ఊళ్లో హోటళ్లన్నీ నాకు తెలుసనుకుంది. నెల్లూరులో ఒకచోట, మద్రాసులో ఒకచోట చూశాను, రెండూ లాభం లేదు, మూడోచోట ఇప్పుడు వండటం లేదు అని చెప్పాను. ఆ మూడోచోటు ఏదని ఆమె అడగలేదు. దొరకని దాని గురించి వినే తీరిక ఈ పిల్లలకు ఎక్కడిది? అడక్కపోయినా నాకు చెప్పాలని ఉంది.

విడవలూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక హేచరీ ఉంది. చెరువుల్లో వదలడానికి రొయ్య పిల్లల్ని అక్కడ ట్యాంకుల్లో పెంచి రైతులకు ఇస్తారు. అందులో ల్యాబ్ నాది. మైక్రోస్కోపులో కన్ను పెట్టి, కంటికి ఆనని పిల్లలు ఆరోగ్యంగా ఉన్నాయో లేదో చూడటం నా పని. రోజంతా అలా చూసే మనిషికి మనుషుల మీద ఓపిక తగ్గుతుందని మా ఇంట్లో వాళ్లంటారు. నాకు ముందు నుంచీ లేదు, పాపం రొయ్యలదేం తప్పు లేదు.

మా యజమాని ఒక ఏడాది వియత్నాం నుంచి టెక్నీషియన్ని పిలిపించాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, ఎండకు కమిలి, మా తీరంలో వలలు లాగే పెద్దవాళ్ల మాదిరే ఉండేవాడు. ట్యాంకులోకి సముద్రం నీళ్లు ఎక్కించగానే మీటర్లు పెట్టకముందు గుక్కెడు నోట్లో పోసుకుని ఉమ్మేసి, బాగుందో లేదో చెప్పేవాడు. తర్వాత మీటర్లు కూడా పెట్టేవాడు. తెలుగు తొందరగానే పట్టుకున్నాడు. నేర్పింది ట్యాంకులు కడిగేవాళ్లు కాబట్టి ఆయన తెలుగులో గారు అనే మాట లేదు. యజమానినీ అన్నా అనేవాడు, పంపు మెకానిక్కునీ అన్నా అనేవాడు. నేను ఆయన్ని అన్నా అంటే, ఆయన నన్ను అక్కా అనేవాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోవాలని మాకెప్పుడూ అనిపించలేదు.

మాకు వంట చేసే ఆమెను అందరూ పిన్నమ్మ అనేవాళ్లు. దగ్గర ఊళ్లో కౌలు వరి చేసుకునే కుటుంబం ఆమెది. ఆమె చేపల పులుసు పెడితే ఆ రోజు యజమాని కూడా ఇంటికి పోకుండా అక్కడే తినేవాడు. వియత్నాం అన్న తలకాయ ముక్క అడిగి వేయించుకుని, ముల్లు కూడా వదలకుండా చప్పరించేవాడు. తన వంట అలా తినే మనిషి దొరికాడని పిన్నమ్మకు మహా సంబరం.

ఒక మధ్యాహ్నం ఆయన ల్యాబ్‌లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మామూలుగా కూర్చోడు, నిలబడే మాట్లాడతాడు. కాసేపు చేతులు చూసుకుని, "అక్కా, మా అమ్మ పోయింది" అన్నాడు.

వెళ్లడానికి లేకపోయింది. వీసా పొడిగింపు కోసం పాస్‌పోర్టు పంపి ఉన్నారు, అది చేతికి వచ్చేసరికి అక్కడ మట్టి చెయ్యడం అయిపోయింది. అదంతా ఫోన్లో చూశాడు. మధ్యమధ్య సిగ్నలు పోయి బొమ్మ ఆగిపోతుంటే, అది మళ్లీ కదిలే దాకా తెరను చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆ ఫోన్లోనే ఉన్న వాళ్లమ్మ ఫోటో ఒకటి నెల్లూరు పోయి స్టూడియోలో పెద్దది చేయించుకొచ్చి, తన గదిలో బీరువా పక్కన చిన్న బల్ల మీద పెట్టాడు. దాని ముందు గ్లాసుడు నీళ్లు, రెండు అరటిపళ్లు, బియ్యం నింపిన డబ్బాలో గుచ్చిన అగరొత్తులు.

వాళ్లలో పోయినవాళ్ల కోసం ఏడు వారాలు పాటిస్తారట. ఆ ఏడు వారాలూ ఆయన మాంసం, చేప, గుడ్డు ముట్టడు. అమ్మ పేరున ఒక్క ప్రాణం కూడా పోకూడదు, అప్పుడే ఆమె దారి తేలిక అవుతుంది. ఆఖరి రోజున ఆమెకు ఇష్టమైనది వండి పెట్టి సాగనంపుతారు. వాళ్లమ్మకు ఇష్టమైనది నూడుల్స్ సూప్. వాళ్లు దాన్ని ఫో అంటారు. మామూలు రోజుల్లో పశువు ఎముకలతో కాస్తారు. పున్నమికి, అమావాస్యకు మాత్రం గుడి పక్కన కొట్టులో ఉత్త కూరగాయలతో కాసేవాళ్లట. చిన్నప్పుడు వాళ్లమ్మ ప్రతి పున్నమికీ ఆయన్ని తీసుకుపోయి అదే తినిపించేదట.

"అమ్మ తిన్నాక, అదే గిన్నెలోది మనం తినాల. ఎవురూ తినకపోతే అమ్మ ఒక్కతే తిన్నట్టు. మా ఊళ్లో అయితే వీధంతా వస్తారు. ఈడ నువ్వు, పిన్నమ్మ. వస్తారు గదా?" అన్నాడు.

పిన్నమ్మ రాకుండా ఎందుకుంటానంది. నేను తల ఊపాను. అది అవునో కాదో నాకే తెలియదు.

మేం క్రైస్తవులం, మా తాతల నాటి నుంచి బాప్టిస్టులం. విగ్రహార్పితం, అంటే నైవేద్యం పెట్టింది, తినం. ఈ విషయంలో మా అమ్మ దగ్గర బేరాల్లేవు. చిన్నప్పుడు పక్కింటి వాళ్లు వినాయక చవితికి కుడుములు పంపితే చిరునవ్వుతో తీసుకుని, వాళ్లు అటు తిరగ్గానే గేదెకు పెట్టేది. నేనొకసారి ఒకటి నోట్లో వేసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. దెబ్బ వెయ్యలేదు, తిట్టలేదు, కుడుము కింద పడేదాకా మణికట్టు వదల్లేదు. కొన్నేళ్లకు పక్కింటి వాళ్లకు సంగతి తెలిసింది. ఏమీ అనుకోలేదు. అప్పటినుంచి దేవుడికి పెట్టకముందే మాకు వేరే గిన్నెలో తీసి మూత పెట్టి, ఇది నైవేద్యం కానిదేనమ్మా అని చెప్పి మరీ ఇచ్చేవాళ్లు. మా అమ్మ అది ఆనందంగా తినేది. మా వైపు ఊళ్లల్లో ఇది మామూలే. ఎవరి నమ్మకానికీ నొప్పి తగలకుండా గిన్నె ఒకటి ముందే పక్కకు తీస్తారు.

మా అమ్మ అంతకు ముందు ఏడాదే పోయింది. చివరి నెలల్లో ముద్ద గొంతు దిగేది కాదు. గిన్నె పట్టుకుని పక్కన కూర్చుని బతిమాలేదాన్ని, మొహం తిప్పుకునేది. పోయాక మా పద్ధతి ప్రకారం పాటలు పాడాం, ప్రార్థనలు చేశాం, జ్ఞాపకార్థ కూడికకు వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టాం. పోయినవాళ్లకు మేం ఏమీ పెట్టం. వాళ్లు దేవుడి దగ్గరున్నారు, వాళ్లకు ఆకలి లేదు. నేను దాన్ని నమ్ముతాను, ఇప్పుడూ నమ్ముతాను. కానీ అన్నేళ్లు ఆమెకు చేసిన చేతులకు ఒక్కసారిగా పని లేకుండా పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండో వారమో, మూడో వారమో పులుసు గొడవ జరిగింది. పిన్నమ్మ ఆయనకు విడిగా పప్పు చేసేది. ఒకరోజు పప్పు చాల్లేదు. ఉత్త అన్నం ఎలా తింటాడులే అని జాలిపడి చేపల పులుసు నుంచి ముక్క తగలకుండా పైన తేరిన పులుసు గరిటెడు పోసింది. ఆయన ఏదో ఆలోచనలో ఉండి రెండు ముద్దలు తిన్నాక ఆగాడు.

"పిన్నమ్మా, ఇందులో చేప ఉండాదా?"

"ముక్క వెయ్యలా గదన్నా. ఉత్త పులుసే పోసినా" అంది ఆమె, భరోసా ఇస్తున్నట్టు.

ఆమెను ఏమని అనగలం? మా వాళ్లలోనే ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో మాంసం మానేశామని చెప్పుకుని ముక్క పక్కన పెట్టి పులుసు పోసుకునే వాళ్లున్నారు. మా మేనత్త నలభై రోజులూ అలాగే గడిపి, ఈస్టరు నాటికి ఒళ్లు చేసి కనిపించేది. మా జిల్లాలో చేపల పులుసును మానెయ్యడమంటే ముక్కను మానెయ్యడమే. పులుసు లెక్కలోకి రాదు.

ఆయన కోప్పడలేదు. కంచం మీద చెయ్యి కడుక్కుని లేచి సముద్రం గట్టుకు పోయాడు. పిన్నమ్మ పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది. సాయంత్రం ఆయన నాతో, "వాంతి చేసుకుందామని చూసినా అక్కా, రాలేదు" అన్నాడు. మొదటి నుంచి మొదలుపెట్టడానికి లేదట, వారాలు అమ్మ పోయిన రోజు నుంచే లెక్క. ఆఖరి రోజు గిన్నె ఒక్కటైనా శుభ్రంగా ఉండాలి, అందులో చేప వాసన కూడా ఉండకూడదు, అదొక్కటే మిగిలింది అన్నాడు. ఆయనకు వంట రాదు. టీ కూడా పిన్నమ్మ పెట్టాల్సిందే.

నెల్లూరులో దొరకనిది ఏముంది, పద అన్నాను. నాకు ఇలాంటి మాటలు తొందరగా వస్తాయి.

మాగుంట లేఅవుట్‌లో రంగురంగుల దీపాలు పెట్టిన ఒక రెస్టారెంటుకు పోయాం. మెనూలో ఫో అని ఉంది, పక్కన ఆకుపచ్చ చుక్క ఉంది. వాళ్ల పద్ధతిలో అవీ కూడదట, అందుకని ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దని చెప్పాను. అలాగే అన్నారు, అలాగే చేశారు కూడా, వాళ్ల మీద నాకేం ఫిర్యాదు లేదు. గిన్నెలో మొక్కజొన్న పిండి వేసి చిక్కబరిచిన ఎర్రటి రసం, అందులో క్యాబేజీ, క్యాప్సికం, గోధుమ నూడుల్స్ వచ్చాయి. ఆయన దాన్ని ముందు వాసన చూశాడు. తర్వాత ఒక్క చుక్క మిగలకుండా తిన్నాడు, అన్నం వదలడం ఆయనకు అలవాటు లేదు.

"బాగుండాది అక్కా. గానీ మా అమ్మకు ఇది తెలీదు" అన్నాడు.

దారి తప్పిన ముసలామె ఒకరు ఈ దేశం దాకా వచ్చి, తన ముందు పెట్టింది ఏమిటో తెలియక అలా చూస్తూ కూర్చున్నట్టు అనిపించింది.

తర్వాత ఆదివారం ఆరాధన అయిపోగానే మద్రాసు పోయాం. అక్కడ అసలైన వియత్నాం హోటలు ఉందని మా యజమాని కనుక్కుని చెప్పాడు, కారు కూడా ఇచ్చాడు. హోటల్లోకి అడుగుపెట్టగానే అన్న మొహం మారిపోయింది. అనాసపువ్వు, దాల్చినచెక్క కాగుతున్న వాసన. కుర్చీ అంచున కూర్చుని, తలుపు దగ్గర ఎవరో కనిపిస్తారన్నట్టు వంటగది వైపే చూశాడు. వెజ్ ఫో చెప్పాం. తెల్లటి బియ్యం నూడుల్స్, పలుచటి రసం, పైన ఆకులు, మొలకలు, నిమ్మచెక్క. చూడగానే ఇదేనని నాకు కూడా తెలిసింది. ఆయన చెంచా ఎత్తాడు, పులుసు సంగతి గుర్తొచ్చిందేమో, దించి నా వైపు చూశాడు. నేను వడ్డించే మనిషిని పిలిచి నాకొచ్చిన అరకొర తమిళంలో రసం దేనితో కాస్తారని అడిగాను. అతను చాలా మర్యాదగా చెప్పాడు. రసం అందరికీ ఒకటేనట, కోడి ఎముకలతో కాస్తారట, వెజ్ అడిగిన వాళ్లకు ముక్కలు వెయ్యరట.

ఆయన ఆ గిన్నె మీద వచ్చే ఆవిరిని అది ఆరిపోయే దాకా చూస్తూ కూర్చున్నాడు. పులుసు రోజు తప్ప, తినకుండా వదిలేసిన తిండి ఆయన ముందు ఉండటం అదొక్కసారే చూశాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, అందుకని బిల్లు కట్టేటప్పుడు ఆ కుర్రాడి మీద పడ్డాను. అతనికి నేనేం అంటున్నానో అర్థం కాలేదు.

తిరుగు దారిలో నాయుడుపేట దగ్గర ఆగి టీ తాగాం. "వద్దులే అక్కా. అరటిపండు, అన్నం పెడతా. అమ్మ ఏమీ అనుకోదు" అన్నాడు. అమ్మ అనుకోకపోవడం కాదు, ఆయన అనుకోకుండా ఉండలేడని మొహం చూస్తేనే తెలుస్తోంది. బియ్యం నూడుల్స్ పొట్లాలు మద్రాసులో కొని డిక్కీలో వేసుకున్నవి ఉన్నాయి. రసం మనం కాయలేమా, కాస్తే నీళ్లేగదా అన్నాను. వండేది నేను కాదుగా, పిన్నమ్మ.

పిన్నమ్మ ఆ పనిని మొక్కు తీర్చుకున్నంత శ్రద్ధగా చేసింది. పులుసు పోసిన చేతికి అదొక్కటే దారి అనుకుంది. కొత్త కుండ తెచ్చింది, కొత్త గరిటె తెచ్చింది, చేపలు తోమే బండ వైపు ఆ కుండను పోనివ్వలేదు. వియత్నాంలో ఉన్న ఆయన చెల్లెలు ఫోన్లో చెబుతుంటే, ఆయన తెలుగులో చెబుతుంటే, ఈమె కాచేది. నిప్పుల మీద అల్లం కాల్చి, చెక్క, లవంగం, అనాసపువ్వు వేయించి గుడ్డలో మూటకట్టి వేసింది. ముల్లంగి, క్యారెట్, మొక్కజొన్న కంకి, పుట్టగొడుగులు. తీపికి చెరకు ముక్క, సగం నీళ్లకు కొబ్బరినీళ్లు. తులసికి దగ్గరగా ఉండే ఆకు కావాలంటే మా కంచె పక్కన పెరిగే సబ్జా కొమ్మలు తుంచుకొచ్చాను. పులుపు లేకుండా ఇదేం సూపని పిన్నమ్మ చింతపండు వెయ్యబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మొదటిసారి కాచింది మందు కషాయంలా ఉంది. రెండోసారి ఆయన, దగ్గిరికి వచ్చినాం అన్నాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కుండ మూత తీయగానే వాసన చూసి, బయటికి పోయి చాలాసేపు రాలేదు. అదే ఖాయం చేశాం.

ఆఖరి రోజు పొద్దున్నే పిన్నమ్మ తలస్నానం చేసి వచ్చి పొయ్యి వెలిగించింది. ఆయన తెల్ల చొక్కా వేసుకుని గది కడిగి, బల్ల మీద కొత్త గుడ్డ పరిచాడు. సూర్యుడు నడినెత్తికి రాకముందే పెట్టాలట. నేను ల్యాబ్ పని తొందరగా ముగించి వెళ్లాను గానీ గదిలోకి పోలేదు, వంటగది అరుగు మీద కూర్చున్నాను. తినాలా వద్దా అని ఏడు వారాలుగా వాయిదా వేసిన సంగతి ఇంక వాయిదా వెయ్యడానికి లేదు. తినకపోతే ఆయనకు నొప్పి, తింటే మా అమ్మ ముందు ఎలా నిలబడాలి? ఆమె లేదన్న సంగతి ఆ లెక్కలో నాకు గుర్తుండేది కాదు.

పిన్నమ్మ నా అవస్థ కనిపెట్టింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "నువ్వేం ఇబ్బంది పడబాకమ్మా. పటం ముందర పెట్టకముందే నీకు వేరే గిన్నెలో తీసి మూత పెట్టినా. మీవాళ్లకు పనికిరాదు గదా, నాకు తెలవదా ఏంది" అంది.

నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. మా అమ్మకు పక్కింటి వాళ్లు చేసిన మర్యాదే ఇది. ఎంత మంచి మనిషి అనుకున్నాను.

ఆయన వాళ్లమ్మ కోసం కొన్న పింగాణీ గిన్నె పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. కుండ మూత తీశాడు. రసం మట్టానికి పైన ఒక గరిటెడు మేర తడి గీత కనిపించింది. పక్కన గట్టు మీద మూతపెట్టిన గిన్నె ఉంది.

"ఇది ఎవురికి పిన్నమ్మా?"

పిన్నమ్మ చెప్పింది. కొంచెం గర్వంగానే చెప్పింది. ఆయన గరిటె కింద పెట్టాడు.

"ముందు అమ్మకు తియ్యాల" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "కుండలో మొదటిది అమ్మది. బతికినోళ్లకు తీసి, మిగిలింది అమ్మకు పెట్టగూడదు."

పిన్నమ్మ మొహంలో రక్తం లేదు. "రుచి చూళ్లా అన్నా. ఎంగిలి గాలా. నువ్వు చెప్పమ్మా" అని నా వైపు తిరిగింది.

నేను చెప్పాను. మా ఊళ్లల్లో ఇది ఎందుకు చేస్తారో, అందులో అవమానం లేదని, నా కోసమే చేసిందని. ఆయన అంతా విని తల ఊపాడు. అర్థం చేసుకున్నాడు కూడా. అర్థమైనంత మాత్రాన కుండ మళ్లీ మొదటికి రాదు. ఇంకో కుండ కాయాలంటే సగం రోజు కావాలి, ఎండ అప్పటికే గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మొదట పులుసు, తర్వాత రెండు హోటళ్లు, ఇప్పుడు ఇది. ఆయన మూత తిరిగి కుండ మీద జాగ్రత్తగా సర్ది, "అరటిపండు పెడతాలే" అన్నాడు. పిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను లేచి గట్టు మీది గిన్నె తీసుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదు. "ముందు తీసింది ఇదేగదన్నా. అయితే ఇదే అమ్మది. పట్టుకుపోయి పెట్టు" అని ఆయన ముందుకు చాపాను.

ఆయన గిన్నె వైపు చూశాడు, పట్టుకోలేదు. "నీ కోసం తీసినారు అక్కా. నేను తీసుకుంటే నీ దగ్గిర లాక్కున్నట్టు. నువ్వు పెడితే అమ్మది అయితాది" అన్నాడు.

అంటే నా చేత్తో పెట్టాలి. తినడం ఒక ఎత్తు, పోయినవాళ్ల పటం ముందు నా చేత్తో తిండి పెట్టడం ఇంకో ఎత్తు. మా సంఘంలో తెలిస్తే ఏమంటారో నాకు తెలుసు, వాళ్లను తప్పు పట్టను కూడా. గిన్నె వేడికి వేళ్లు కాలుతున్నాయి. ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పిన్నమ్మ గానీ, ఆయన గానీ ఒక్క మాట అనలేదు. పెట్టమని అడిగి ఉంటే పెట్టేదాన్ని కాదేమో.

గదిలోకి పోయాను. ఫోటోలో ఆమె ఏదో పెళ్లిలో తీయించుకున్నట్టుంది, మెడలో పూసలదండ, నవ్వాలా వద్దా అన్నట్టున్న మొహం. అగరొత్తుల డబ్బా పక్కన గిన్నె పెట్టి మూత తీశాను. ఆయన నూడుల్స్ తినే పుల్లలు రెండూ గిన్నె మీద అడ్డంగా పెట్టి, ఆకులు పైన చల్లి, నిమ్మచెక్క పిండాడు. నేను ఇవతలికి రాబోతుంటే, "పిలువు అక్కా" అన్నాడు. "పెట్టినోళ్లు పిలవాల. తినమని."

"మీ మాటలు నాకు రావు కదన్నా."

"తెలుగులో పిలువు. ఏడు వారాల నుంచి ఈడనే ఉండాది. నేను తెలుగు మాట్లాడతా ఉంటే వింటానే ఉండాది."

"తినమ్మా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఏడాది దాటింది. చివరి నెలల్లో రోజుకు ఎన్నిసార్లు అన్నానో. గిన్నె, చెంచా పట్టుకుని, ఒక్క ముద్ద తినమ్మా, ఈ చుక్క ఒక్కటీ మింగమ్మా అని. ఆమె పోయాక అన్నీ మాట్లాడాను గానీ ఆ రెండు మాటలు కలిపి అనే అవసరం ఎక్కడా రాలేదు. ఇంకోసారి అన్నాను. వాళ్లమ్మ ముందు, వాళ్ల గదిలో, నేను నేల మీద కూర్చుని మా అమ్మ కోసం ఏడ్చాను. కూడికలో కూడా అలా ఏడవలేదు. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నన్ను ఓదార్చకుండా, అగరొత్తుల వైపు చూస్తూ ఉండిపోయాడు. పిన్నమ్మ గుమ్మంలో నిలబడి ముక్కు చీదింది.

అగరొత్తులు మొదలంటా కాలిపోయాక ఆయన ఆ గిన్నె దించి, అందులోది మూడు గిన్నెల్లోకి సర్దాడు. ముందు పిన్నమ్మకు ఇచ్చాడు, ఆమె రెండు చేతులా అందుకుంది. తర్వాత నాకు ఇచ్చి, తను పట్టుకుని, నేను మొదలుపెట్టాలని ఆగాడు. సూప్ చల్లారిపోయింది, నూడుల్స్ ఉబ్బి మెత్తబడ్డాయి. చెంచా ఎత్తాను, చెయ్యి సగంలో ఆగింది. ఎప్పటి అలవాటో, మణికట్టు దగ్గర ఎవరో పట్టుకుంటారని ఎదురుచూశాను. ఎవరూ పట్టుకోలేదు. ఆపడానికి మా అమ్మ లేదు. తిన్నాను.